లప్పం బావ పాడుచేసిన కోట

మా బావను చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఎవరూ పేరు పెట్టి పిలవరు. లప్పం బావ అంటారు. అలా పిలిచేవాళ్ళలో ఆయనకు నిజంగా మరదలినయ్యేది నేనొక్కదాన్నే. మిగతావాళ్ళంతా నా నోటినుంచి విని అరువు తెచ్చుకున్నారు. బావ గోడల పెయింటరు. రంగు వేసేముందు చిల్లులూ పగుళ్ళూ పూడ్చడానికి గోడకు పూసే తెల్లటి ముద్ద ఉంటుంది కదా, అదే లప్పం. అది పెట్టడంలో బావ చెయ్యి పెట్టింది పేరు. పనితనమని అందరూ అంటారు, నేను పిచ్చి అంటాను. ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని పలకరించడు, గోడను పలకరిస్తాడు. బొటనవేలితో నొక్కి, ఆ వేలు కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి, "చెమ్మ" అంటాడు. కుశలప్రశ్నలు ఆ తర్వాతే. నా పెళ్ళి ఫోటోలో అందరూ ముందుకు చూస్తుంటే, బావ ఒక్కడూ వెనక్కి తిరిగి హాలు గోడ చూస్తుంటాడు. ఆ ఫోటో నా దగ్గర ఇప్పటికీ ఉంది, ఎప్పుడైనా ఆయన నామీద ఎగిరితే తీసి చూపిస్తాను.

ఇంకో జబ్బేమిటంటే, ఆయనకు ఆపడం రాదు. ఒక కోటు సరిపోయే గోడకు రెండు వేస్తాడు, రెండు సరిపోయేదానికి మూడు. "చాలు" అన్న మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. ఇంటివాళ్ళే బతిమాలి నిచ్చెన దింపాలి. అక్క కాపురానికి వచ్చిన కొత్తలో పక్కింటావిడతో మాటవరసకు "మా ఆయన రోజుకి రెండు కోట్లు వేస్తారండీ" అందట. ఆవిడ గబగబా కుర్చీ తెచ్చి, ఫ్యాను వేసి కూర్చోబెట్టింది. కోటు అంటే రంగుపూత అని తెలిశాక కుర్చీ లాక్కోలేదు గానీ ఫ్యాను మాత్రం కట్టేసిందట.

ఇంత పనిమంతుడి సొంతింట్లో పడకగది గోడ చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. ఆ గోడకు అవతల స్నానాలగది. లోపల ఏదో గొట్టం కారుతోంది. మొదట అరచెయ్యంత కనిపించిన చెమ్మ, వానలొచ్చినప్పుడల్లా పెరిగి, ఇప్పుడు మంచం పొడవునా పాకింది. సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడి దిండు మీద పడుతుంది. బావకు గుర్తు చేస్తే వానాకాలంలో "ఎండలు రానీ" అంటాడు, ఎండాకాలంలో "ఈ ఎండల్లో ఎవరు చేస్తారు" అంటాడు. అక్క చెవినిల్లు కట్టుకుని పోరింది. ఆయనకు చెప్పడమూ గోడకు చెప్పుకోవడమూ ఒకటేనని వాపోయేది. ఆ గోడే నయమక్కా, చెబితే చెమ్మగిల్లుతుంది అనేదాన్ని నేను.

చేసేదేమీ లేక అక్క ఆ మరకతోనే పొద్దుపుచ్చడం నేర్చుకుంది. దానికి మేక ఆకారం ఉందని ఆమె నమ్మకం. ఈ ఏడాది మేకకు గడ్డమొచ్చింది, కొమ్ములొచ్చాయి అని నాకు కబుర్లు చెప్పేది. బావ తల ఎత్తకుండానే "ఏ మేక?" అనేవాడు. అక్క ఆ గోడను ఉత్తి గోడ అనగా నేను వినలేదు. పాడు గోడ అనే అనేది.

ఇలా ఉండగా బావ నిచ్చెన మీంచి పడ్డాడు. పైనుంచి పడితే కాస్త గౌరవంగా ఉండేది. ఇంకో కోటు పడాలేమోనని వెనక్కి తిరిగి గోడను చూసుకుంటూ దిగి, ఆఖరి మెట్టు దగ్గర కాలు జారాడు. మోకాలు పోయింది. నడవొచ్చు గానీ ఇక జన్మలో నిచ్చెన ఎక్కకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు.

ఇంట్లో కూర్చున్న బావ చేతికి లప్పం డబ్బా చిక్కింది. అక్కడినుంచి అక్క తలప్రాణం తోకకొచ్చింది. క్యాలెండర్లు తగిలించే మేకులు పీకి వాటి చిల్లులు పూడ్చాడు. ఎలుక కన్నం పూడ్చాడు, అంతవరకు బాగానే ఉంది. తలుపు గడియ వెళ్ళి పడే చిల్లు కూడా పూడ్చేసి, పైన ఎమరీ కాగితంతో నున్నగా రుద్దాడు. ఆ రోజంతా వీధి తలుపుకు గడియ పడక, అక్క కుర్చీ అడ్డం పెట్టుకుని కూర్చుంది. పడకగది గోడ జోలికి మాత్రం వెళ్ళలేదు. దానికి నిచ్చెన కావాలట.

నవ్వుతూ చెబుతున్నాను గానీ ఆ రోజుల్లో ఆయన్ని చూస్తే నాకు దుఃఖం వచ్చేది. వాడని బ్రష్షుల్ని పొద్దున్నే కడిగి ఎండలో పెట్టుకునేవాడు. ఎవరైనా కొత్తవాళ్ళు ఏం చేస్తుంటారని అడిగితే, "పెయింటరుగా ఉండేవాణ్ణి" అనేవాడు. ఆ "ఉండేవాణ్ణి" వినలేక, వెనకవీధిలో నేను బట్టలు కుట్టే కొట్టుకు వచ్చి కూర్చోమన్నాను. వచ్చాడు. వచ్చినవాడు కొట్టు గోడ నొక్కి చూసి "చెమ్మ" అన్నాడు. ఆ మాట విని ఆ రోజు ఎందుకో సంతోషించాను.

అప్పుడు వచ్చాడు బొమ్మల కొట్టాయన. ఒకప్పుడు ఆయన కొట్టుకు రంగులు వేసింది బావే. ఆ కొట్టు పైన ఓ పొడవాటి గది ఉంది. ఆదివారమొస్తే అందులో పెద్ద పెద్ద మనుషులు చేరి బల్లల మీద యుద్ధాలు చేస్తారు. వేలెడంత సైనికులు, వాళ్ళ చేతుల్లో గోరంత కత్తులు. పాచికలు వేస్తారు, టేపుతో దూరాలు కొలుస్తారు, అరగంట వాదించుకుని ఒక బొమ్మను జానెడు ముందుకు జరుపుతారు. బ్యాంకు మేనేజరు దగ్గర మంత్రగాళ్ళ దండు ఉంది. పళ్ళ డాక్టరు దగ్గర కోరల రాక్షసులున్నారు. ఈ యుద్ధాలకు కొండలూ వంతెనలూ కోటలూ కావాలి. చెక్కేవాళ్ళున్నారు గానీ రంగు వేసే చెయ్యి లేదట.

వచ్చే నెలలో పక్క ఊరి జట్టు ఆటకు వస్తోందని, ఆ ఆటకు నడిబల్ల మీద ఒక కోట ఉండాలని, అది కుదిరితే ఆ గదిలోని బల్లలన్నిటి పనీ బావకేనని చెప్పాడాయన. అంతా కూర్చుని చేసే పనే. నిచ్చెన ఊసే లేదు. బావ ఆ సాయంత్రం గడ్డం గీసుకున్నాడు. కోట కుదిరితే బావ మళ్ళీ పెయింటరు. కుదరకపోతే తలుపు చిల్లులు పూడ్చుకునే మనిషిగా మిగిలిపోతాడు. ఈ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

కోట వచ్చింది. గట్టి థర్మోకోలుతో చెక్కింది, భోజనాల బల్లంత ఉంది. రాయి రాయికీ గీతలు, గోడల నిండా పగుళ్ళు, ఒక బురుజు సగానికి విరిగి ఉంది. బావ దాని చుట్టూ కర్ర పట్టుకుని తిరిగి, బొటనవేలితో నొక్కి, "ఎవరు కట్టారో గానీ పాపం, మొత్తం పగుళ్ళే" అన్నాడు.

చెప్పకుండానే తెలుస్తుంది కదా ఏం చేసి ఉంటాడో. చెక్కినాయన నెల రోజులు కూర్చుని చెక్కిన పగుళ్ళన్నీ లప్పంతో పూడ్చేశాడు. విరిగిన బురుజుకు అట్టముక్క కట్టి పూర్తిచేశాడు. ఎమరీ కాగితం పట్టాడు, ప్రైమరు కొట్టాడు, మీద మీగడరంగు మూడు కోట్లు వేశాడు. నేల నుంచి బెత్తెడు ఎత్తున చుట్టూ చాక్లెట్‌రంగు పట్టీ తీశాడు. కిటికీలకు ఆకుపచ్చ. నిజం చెప్పాలంటే నాకు చాలా నచ్చింది. అక్క అయితే దాన్నీ పడకగది గోడనూ మార్చి మార్చి చూసి ఓ నిట్టూర్పు విడిచింది.

బొమ్మల కొట్టాయన వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. అయినా చాలా మర్యాదగానే మాట్లాడాడు.

"అన్నా, ఇందులో మూడొందల ఏళ్ళుగా మనుషుల్లేరు. భూతాలుంటాయి."

"ఉండనివ్వండి. శుభ్రంగా ఉంటాయి."

"దీన్ని చూస్తే భూతాలు రావన్నా. అద్దెకి దిగడానికి కుటుంబాలొస్తాయి."

ఇది పాడుబడ్డ కోట అని, వానకు తడిసి ఎండకు ఎండి నాచు పట్టి ఉండాలని ఓపిగ్గా వివరించాడు. పాడు చెయ్యాలన్నా, చూడముచ్చటగా పాడు చెయ్యాలి అని బతిమాలాడు. ఆయన వెళ్ళాక బావ ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. తన చేత్తో ఒక గోడను పాడు చెయ్యాలా అని ఎవరినో అడుగుతున్నట్టు అన్నాడు. వంటింట్లోంచి అక్క, చెయ్యి పెట్టకుండానే ఒక గోడను పాడు చేసినవారికి అదేమంత పని అంది. బావకు వినపడలేదు. వినపడనట్టు ఉండటంలో కూడా ఆయన చెయ్యి పెట్టింది పేరు.

ఇక పాడు చెయ్యడానికి కూర్చున్నాడు. ముందు గోడల మీద మురికి చారలు తీశాడు. స్కేలు పెట్టి, అంటుకాగితం అతికించి, చారకూ చారకూ మధ్య సమానమైన ఎడం వదిలి తీశాడు. నాచును కింద అంచులా వేశాడు, రెండు చివర్లూ కలిసేచోట అతుకు కూడా తెలియదు. బాగా కుట్టిన గీతల చొక్కాలా ఉంది బావా అన్నాను, కుట్టుపనిదాన్ని కాబట్టి. కోపమొచ్చి దానిమీద గోధుమరంగు కుమ్మరించాడు. ఒక కోటు, రెండో కోటు, మూడో కోటు. ఇప్పుడు అది బురదలో పడ్డ కేకులా తయారైంది. చూడ్డానికి వచ్చిన బొమ్మల కొట్టాయన, ఎక్కడ ఆపాలో తెలియడమే ఇందులో అసలు పని అన్నాడు. మీ ఆరోగ్యం కూడా బాగాలేదు కదా, కాదంటే ఇంకో ఊళ్ళో ఒకాయన ఉన్నాడు, అడిగి చూస్తాను అని మెల్లగా అనేసి వెళ్ళిపోయాడు.

బావ పోయి మంచమెక్కి, ముఖం గోడవైపు తిప్పుకుని పడుకున్నాడు. అలా ఎంతసేపు పడుకున్నాడో. ఏటవాలు ఎండ కిటికీలోంచి గోడ మీద పడే వేళకు అక్కను కేకేశాడు. మోకాలు నొప్పెడుతోందేమోనని అక్కా, ఆవిడ వెనక నేనూ పరిగెత్తాం.

"ఇలా రా. ఈ గోడ ఎంత బాగుందో చూశావా?"

అక్క గోడ చూడలేదు. ఆయన నుదుటిమీద చెయ్యి వేసి జ్వరముందేమోనని చూసింది.

జ్వరం లేదు. అన్నేళ్ళుగా పక్కనే పడుకున్న గోడను ఆయన మొదటిసారి చూస్తున్నాడు, అంతే. కర్రతో ఒక్కొక్కటే చూపిస్తూ మాకు పాఠం చెప్పాడు. నీళ్ళు పైన గొట్టం కీలు దగ్గర పుట్టి కిందికి దిగుతున్నాయి. ప్రతి ఏడూ ఎంతదాకా వచ్చి ఆగాయో అంతదాకా ఒక పసుప్పచ్చ గీత ఉంది. ఆ గీతలోపల చవుడు తేలి తెల్లగా పొంగింది. ఎండ తగలని అడుగున మాత్రమే నాచు. మేకు దగ్గర తుప్పు చిక్కగా ఉంది, కిందికి జారేకొద్దీ పల్చబడింది. ఏ మరకా ఊరికే పుట్టలేదు, ప్రతిదానికీ ఒక పుట్టిల్లుంది అన్నాడు. జీవితమంతా చెమ్మతో యుద్ధం చేసినవాడు కాబట్టి అది ఎటునుంచి వస్తుందో, ఎక్కడ దాక్కుంటుందో ఆయనకు బాగా తెలుసు. ఇప్పుడు పార్టీ మారితే సరిపోతుంది.

కోటను మంచం పక్కకు తెప్పించాడు. తను పెట్టిన లప్పాన్ని తనే అక్క జడపిన్నుతో పగుళ్ళలోంచి తవ్వుకున్నాడు. ఒక్కో ముక్కా ఊడుతుంటే పన్ను పీకించుకుంటున్న మనిషిలా ముఖం పెట్టేవాడు. బురుజుకు కట్టిన అట్ట పీకేశాడు. అంతటా నల్లరంగు వేసి, మీద బూడిదరంగు వేశాడు. తర్వాత బ్రష్షుకు తెల్లరంగు అద్ది, గుడ్డకు తుడిచి తుడిచి దాదాపు ఆరిపోయాక, దాన్ని రాళ్ళ అంచుల మీద మాత్రం ఆడించాడు. రాళ్ళు ఒక్కొక్కటే పైకి తేలాయి. నీళ్ళలా పల్చన చేసిన గోధుమరంగును పైనుంచి వదిలితే, అది దాని దారి అది చూసుకుని పగుళ్ళలోకి పోయి కూర్చుంది. రంగు తనంతట తను పని చెయ్యడం ఇన్నేళ్ళలో మొదటిసారి చూశానని బావ ఆశ్చర్యపోయాడు. చిరిగిన స్పాంజి ముక్కతో తుప్పు అద్దాడు. రంపంపొట్టుకు ఆకుపచ్చ పట్టించి, ఎండ తగలనిచోట్ల జిగురుతో చల్లాడు. తీగలకు నా కొట్లోంచి దారపు ముక్కలు పట్టుకెళ్ళాడు. ప్రతి పనికీ ముందు తలెత్తి గోడను చూసేవాడు, అడిగి తెలుసుకుంటున్నట్టు.

ఇంత చక్కగా జరుగుతుండగా తాపీమేస్త్రీ వచ్చాడు. ఉలి, సుత్తి, సిమెంటు సంచీతో సహా వచ్చాడు. బావకు చెప్పి లాభం లేదని అక్క తనే మాట్లాడుకుందట, నాకు కూడా చెప్పలేదు. మేస్త్రీ లోపలికొచ్చి, గోడ చూసి, వైద్యుడిలా నాలుక చప్పరించి, ఉలి పైకెత్తాడు.

బావ ఒంటికాలి మీద లేచాడు. ఊరికే అనే మాట కాదు, రెండో కాలు మంచం మీదే ఉంది. కర్ర అడ్డం పెట్టి, ఈ గోడ మీద దెబ్బ పడితే ఊరుకోనన్నాడు. మేస్త్రీ పనిలో ఎన్నో గొడవలు చూసి ఉంటాడు గానీ, చెమ్మకు కాపలా కాసే పెయింటర్ని చూసి ఉండడు. ఉలి దించి, అక్కవైపు ఒకసారీ బావవైపు ఒకసారీ చూసి, గోడ మీద పిల్లిలా మధ్యలో నిలబడ్డాడు.

"ఆదివారం ఆట అయ్యేదాకా ఆగు. ఇది లేకపోతే కోట లేదు" అన్నాడు బావ అక్కతో.

"ఊళ్ళో గోడలన్నిటికీ మూడేసి కోట్లు వేశారు. నా గోడకొచ్చేసరికి వానలన్నారు, ఎండలన్నారు. ఇప్పుడు బాగు చేద్దామంటే బొమ్మలన్నారు." అక్క గొంతు పెరగలేదు, అదే నాకు భయమేసింది. "మీకు ఇన్నాళ్ళకి ఆ గోడ కనిపించింది. దాని పక్కన పడుకున్నదాన్ని నేనెప్పుడు కనిపిస్తాను?"

ఆ మాటలో బావ పూడ్చడానికి వీలున్న చిల్లేదీ లేదు. మేస్త్రీ మెల్లగా, అమ్మ చెప్పిందీ నిజమే, అన్న చెప్పిందీ నిజమే, నేను సోమవారం వస్తాను అని సంచీ భుజాన వేసుకుని జారుకున్నాడు. అక్క దిండు చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. ఆ పాడు గోడతో ఆయన్నే కాపురం చేసుకోమంది.

మా ఇంట్లో అక్క నిమ్మకు నీరెత్తినట్టు ఉంటుందనుకుంటే పొరపాటే. మా పడకగదికి కిందటేడే రంగులు వేయించాం, వేసింది బావే. తెల్లగా, నున్నగా, ఎక్కడా ఈగ కాలు పెట్టినంత మచ్చ లేదు. అక్క పడుకుని ఆ గోడను అటు చూసి ఇటు చూసి, ఇందులో చూడ్డానికి ఏమీ లేదేమే అంది. భోజనం క్యారియర్లో పెట్టి బావకు నాచేత పంపించేది. ఎలా ఉన్నారని అడిగేది కాదు. కోట ఎంతవరకు వచ్చిందని మాత్రం అడిగేది. వస్తోందన్నాను. నేను వెళ్ళినప్పుడల్లా బావ కోట ఒక పక్క గోడను గుడ్డ కప్పి దాచేసేవాడు, ఎందుకని అడిగితే ఆరాలి అనేవాడు.

ఆదివారం అక్క రానంది. చీర మాత్రం కట్టుకుని కూర్చుంది. నా ఒక్కదానికి తోడు రమ్మని నేను నెత్తీ నోరూ కొట్టుకోవాలన్నమాట. కొట్టుకున్నాను. బయల్దేరాం.

బొమ్మల కొట్టు పైగది కిక్కిరిసి ఉంది. అందరి మెడల్లోనూ టేపులు వేలాడుతుంటే నాకు దర్జీల మహాసభకు వచ్చినట్టనిపించింది. నడిబల్ల మీద కోట. నేను రోజూ చూస్తున్నదే, అయినా ఒళ్ళు జలదరించింది. మూడొందల ఏళ్ళు వాన ఆ గోడల మీద నుంచే దిగిందంటే నమ్మాల్సిందే. విరిగిన బురుజు లోపలినుంచి తడి ఊరుతున్నట్టుంది. ఇనపకడ్డీల కింద తుప్పు చిక్కగా మొదలై పల్చగా జారింది. బావ ఓ మూల కుర్చీలో కర్ర పట్టుకుని, పరీక్ష ఫలితం కోసం కూర్చున్నవాడిలా ఉన్నాడు. బొమ్మల కొట్టాయన గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

పక్క ఊరి జట్టు పెద్ద, తెల్లజుట్టు మనిషి, కోట చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. వంగి చూశాడు. ఆఖరికి చెయ్యి చాపి, బొటనవేలితో కోట గోడ నొక్కి, ఆ వేలు కళ్ళ దగ్గర పెట్టుకుని చూసుకున్నాడు. తడి అంటుకుందేమోనని.

అది చూసి నేను బావవైపు తిరిగాను. ఆయన కళ్ళు నిండిపోయాయి.

ఎవరు చేశారని పెద్దాయన అడిగాడు. బొమ్మల కొట్టాయన బావను చూపించాడు. మీరేం చేస్తుంటారని అడిగితే, బావ లేచి నిలబడి "పెయింటర్ని" అన్నాడు. ఉండేవాణ్ణి అనలేదు. ఇంత నిజంగా ఎలా వచ్చింది, ఏం చూసి వేశారు అని ఆయన మళ్ళీ అడిగాడు. బావ కాస్త తటపటాయించి, మా పడకగది గోడ చూసి అన్నాడు. గదంతా గొల్లుమంది. అక్క తలెత్తలేక చీర కొంగు చూసుకుంటూ నిలబడింది. నాకు ఒళ్ళు మండింది, నలుగురిలో ఇంటి పరువు తీశాడు కదా అని.

అప్పుడు బావ కర్ర ఊనుకుంటూ అక్క దగ్గరికి వచ్చాడు. ఒకసారి వచ్చి కోట వెనకవైపు చూడమన్నాడు. ఆయన గుడ్డ కప్పి దాచిన గోడ అదే. అక్క ముఖం ముడుచుకునే వెళ్ళింది, వంగింది, అలాగే ఉండిపోయింది. నేనూ వంగాను. పసుప్పచ్చ అంచు, లోపల చవుడు, పక్కనే కారిన తడి, అంతా మామూలు మరకే. కాస్త తల వంచి చూస్తే మేక. గడ్డం ఉంది. కొమ్ములున్నాయి.

"నువ్వు లేనప్పుడు నీ వైపు పడుకుని చూశాను" అన్నాడు బావ. "నా వైపునుంచి కనిపించదు అది."

ఆట మొదలయ్యాక పళ్ళ డాక్టరు ఓ కోరల రాక్షసుణ్ణి తెచ్చి సరిగ్గా మేక ముందు నిలబెడితే అక్క, "ఏమండీ, కాస్త పక్కకి పెట్టుకోండి, దానికి అడ్డమొస్తోంది" అంది. పాపం ఆయన జరిపాడు. ఆ జరపడం వల్లే ఓడిపోయామని మన జట్టువాళ్ళు ఇప్పటికీ గొణుగుతుంటారు. ఆట పోయినా పని మాత్రం బావకే వచ్చింది. రెండు కొండలు, ఒక వంతెన, కాలిపోయిన ఒక ఊరు. పక్క ఊరి పెద్దాయన తమకూ ఒక కోట కావాలన్నాడు.

సోమవారం మేస్త్రీ వచ్చి గోడ పగలగొట్టి, గొట్టం మార్చి, సిమెంటు పూశాడు. ఆరాక రంగు పని బావ మొదలుపెట్టాడు. స్టూలు మీద కూర్చుని, చెయ్యి అందినంత మేరా లప్పం పెట్టి, అద్దంలా చేసి రంగు వేశాడు. పైసగం మిగిలింది. ఎవరినైనా కూలికి పిలుద్దామన్నాను. అక్క కొంగు బిగించి, బ్రష్షు పట్టుకుని నిచ్చెనెక్కింది.

నేను నిచ్చెన పట్టుకున్నాను. బావ కింద కూర్చుని చూస్తున్నాడు. అక్క చెయ్యి ఎలా పోతే రంగు అలా పోయింది. ఒకచోట చిక్కన, ఒకచోట పల్చన, బ్రష్షు వెంట్రుకలు కూడా రెండు అతుక్కున్నాయి. కిందసగం బావది, పైసగం అక్కది, మధ్య గీత ఇద్దరు మనుషులున్నట్టే తెలుస్తోంది. కప్పు దగ్గర ఒక మూల ఆవిడ చెయ్యి అందక అసలు రంగే పడలేదు. బావ కన్ను అక్కడికి వెళ్ళడం నేను చూశాను. బొటనవేలు కదలడం కూడా చూశాను. ఇక మొదలు పెడతాడనుకుని, నవ్వాలో తిట్టాలో తెలియక నిచ్చెన గట్టిగా పట్టుకున్నాను.

"ఇంకో కోటు వెయ్యనా?" అని పైనుంచి అడిగింది అక్క.

"చాలు. దిగు" అన్నాడు బావ.

అక్క దిగి, వెనక్కి జరిగి, మంచానికి ఆనుకుని గోడంతా చూసుకుంది. కప్పు దగ్గరి మూల దొరికిపోయింది.

"అక్కడ కాస్త వదిలేసినట్టున్నానండీ."

"అవి కొమ్ములు" అన్నాడు బావ. "ఉండనీ."